మొఘల్, గోల్కొండ ఆస్థాన రాతప్రతులు: లిపికళ, పుట అమరిక

మొఘల్ చక్రవర్తులు, దక్కన్ సుల్తానులు 16, 17 శతాబ్దాల్లో తమ కొలువుల్లో రాయించిన పుస్తకాలు భారతీయ గ్రంథకళలో ఒక ప్రత్యేక శాఖ. ఈ పుస్తకాల్లో అక్షరం, అంచు, రంగు, బంగారం, ఖాళీ జాగా అన్నీ ఒకే లెక్కకు లోబడి ఉంటాయి. ఆగ్రా, లాహోర్, ఫతేపూర్ సిక్రీల్లో వికసించిన ఈ విద్యకు తెలుగు నేల మీద కేంద్రం గోల్కొండ. కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 వరకు అక్కడి నుంచి పాలించారు. వారి ఏలుబడి కృష్ణ దాటి కొండవీడు, వినుకొండ, బెల్లంకొండ సీమల దాకా సాగడంతో పారశీక అక్షరం, తెలుగు అక్షరం ఒకే కాగితం మీద కలిశాయి. లోకమంతా మెచ్చే మొఘల్ బొమ్మల వెనుక ఉన్న రాతగాడి పనిని, అందులో తెలుగు నేల పాలును ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

ఇస్లామిక్ ప్రపంచంలో దైవవాక్యాన్ని రాసే చేతికి మొదటి నుంచీ గౌరవం ఎక్కువ. చిత్రకారుడు ఎంత గొప్పవాడైనా కొలువులో రాతగాడి తరువాతే. అక్బరు మంత్రి అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో రాతను, చిత్రాన్ని ఒకే అధ్యాయంలో చర్చిస్తూ అక్షరానికే పెద్దపీట వేశాడు. ఇరాన్‌లోని తబ్రీజ్, షీరాజ్, మధ్య ఆసియాలోని హెరాత్, బుఖారా నగరాల్లో శతాబ్దాల పాటు సానబట్టిన ఈ విద్య రెండు దారుల్లో భారతదేశానికి చేరింది. ఒకటి కాబూల్ మీదుగా మొఘలుల కొలువుకు వచ్చిన భూమార్గం. రెండోది పర్షియన్ గల్ఫ్ నుంచి పడమటి తీరపు రేవుల మీదుగా దక్కనుకు వచ్చిన సముద్రమార్గం. అందువల్ల గోల్కొండ, బీజాపూరు కొలువులు ఇరాన్ పండితులను, లేఖకులను మొఘలుల ద్వారా కాకుండా నేరుగానే రప్పించుకున్నాయి. షియా మతాన్ని అనుసరించిన కుతుబ్‌షాహీలకు ఇరాన్‌తో మతబంధం కూడా ఉండేది.

కాగితం, కలం, సిరా

రాతకు ముందు కాగితాన్ని సిద్ధం చేయడమే పెద్ద పని. దౌలతాబాద్ దగ్గర కాగజీపురాలో చేసిన చేతికాగితం దక్కను అంతటా పేరు పడింది. కాగితానికి గంజి పట్టించి, ఆరబెట్టి, నున్నని రాయితో గంటల తరబడి రుద్దితే అద్దంలాంటి మెరుపు వచ్చేది. అటువంటి కాగితం మీద కలం ఎక్కడా ఆగకుండా జారుతుంది. సిరా లోపలికి ఇంకిపోకుండా పైననే నిలుస్తుంది గనుక తప్పు పడితే తడిబట్టతో తుడిచి మళ్లీ రాసే వీలుండేది.

కలం అంటే రెల్లుపుల్ల. దాని మొనను ఏటవాలుగా చెక్కి, నడిమి భాగాన్ని చీల్చేవారు. చెక్కిన కోణాన్ని బట్టి గీత లావూ సన్నమూ మారతాయి. దీపపు మసి, తుమ్మజిగురు కలిపి నూరినది నల్లసిరా. దీనికి ఎండ భయం లేదుగాని నీటి భయం ఉంది. బంగారు రేకును జిగురుతో నూరి, కడిగి, మళ్లీ జిగురు చేర్చి బంగారు సిరా చేసేవారు. నీలానికి లాజవర్దం, ఎరుపుకు ఇంగిలీకం వాడేవారు. ఆకుపచ్చకు వాడిన రాగి చిలుము రంగు కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. పాత పుస్తకాల్లో పుట నడిమి భాగం చట్రంలా తెగి ఊడిపోవడానికి చాలా చోట్ల ఈ ఆకుపచ్చ గీతే కారణం.

లిపి రీతులు

అరబ్బీ అక్షరాన్ని రాసే సంప్రదాయ రీతులు ఆరు: నస్ఖ్, సులుస్, ముహక్కఖ్, రైహాన్, తౌఖీ, రిఖా. వీటికి పారశీకులు జోడించినవి నస్తాలీఖ్, షికస్తా. ఖురాను ప్రతులకు నస్ఖ్, అధ్యాయ శీర్షికలకు, కట్టడాల శాసనాలకు సులుస్ ఎక్కువగా వాడారు. కావ్యాలకు నస్తాలీఖ్ ఇష్టమైన రీతి. పదిహేనో శతాబ్ది తొలినాళ్లకే ఇరాన్‌లో నిలదొక్కుకున్న ఈ రీతికి మీర్ అలీ తబ్రీజీని ఆదిపురుషుడిగా సంప్రదాయం చెబుతుంది. నస్తాలీఖ్‌లో పదం కుడివైపు పైన మొదలై ఎడమవైపు కిందికి వాలుతుంది. నిలువు గీతలు పొట్టిగానూ అడ్డ గీతలు దీర్ఘంగానూ ఉంటాయి.

ఈ రాతకు కొలమానం చుక్క. కలం మొనను కాగితం మీద అద్దితే పడే నలుచదరపు గుర్తే ఆ చుక్క. అలిఫ్ అనే నిలువు అక్షరం సులుస్‌లో ఏడు చుక్కల ఎత్తు, నస్తాలీఖ్‌లో మూడు చుక్కల ఎత్తు ఉండాలని లెక్క. మిగతా అక్షరాల వంపు, పొడవు, లోతు అన్నీ ఈ కొలతను బట్టే నిర్ణయమవుతాయి. కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతోపాటు పుట అంతా మారుతుంది. శిష్యుడు ఏళ్ల తరబడి గురువు రాసిన మేలుబంతిని చూసి దిద్దుకునేవాడు.

షికస్తా కచేరీల రీతి. వేగం కోసం అక్షరాలను విడదీయకుండా కలిపి రాస్తారు. మన కరణాల గొలుసుకట్టు రాత పుట్టింది కూడా ఇదే అవసరంతోనే. భూమి లెక్కలు, శిస్తు చిట్టాలు రోజూ రాసే చేయికి కలం ఎత్తే తీరిక ఉండదు. అలవాటు లేనివారు షికస్తాను ఎంత కష్టపడి చదవాలో, గొలుసుకట్టు తెలుగునూ అంతే కష్టపడి చదవాలి.

పుట నిర్మాణం

పుట పని గీతలతో మొదలవుతుంది. ఒక అట్టకు వరుసల లెక్క ప్రకారం సన్నని దారాలు బిగించి కడతారు. దీన్ని మిస్తర్ అంటారు. కాగితాన్ని ఆ దారాల మీద పరచి వేలితో ఒత్తితే సిరా లేకుండానే గీతలు అచ్చుపడతాయి. లేఖకుడు వాటిని ఆసరా చేసుకుని రాస్తాడు. ఒకే మిస్తర్‌తో పుస్తకమంతా గీస్తారు కాబట్టి మొదటి పుటలో ఎన్ని వరుసలో చివరి పుటలోనూ అన్నే వరుసలు. పాత పుటను ఏటవాలు వెలుగులో పట్టుకుని చూస్తే ఈ నొక్కులు నేటికీ కనిపిస్తాయి.

రాత పూర్తయ్యాక దాని చుట్టూ బంగారం, నీలం, ఎరుపు గీతలతో చట్రం వేస్తారు. దీని పేరు జద్వల్. చట్రం వెలుపలి అంచు హాషియా. కావ్యమైతే పద్యపాదాలను రెండు లేక నాలుగు నిలువు వరుసల్లో సర్ది, మధ్య సన్నని ఖాళీ విడుస్తారు. వచనమైతే పుట వెడల్పు అంతా వరుసగా సాగుతుంది. పుస్తకం తెరవగానే తరచు సూర్యబింబం ఆకారంలో షంసా కనిపిస్తుంది. పుస్తకం ఎవరి కోసం రాశారో దాని నడుమ రాస్తారు. ఆ తరువాత పాఠం మొదలయ్యే చోట ఉన్వాన్ అనే శిరోభాగ అలంకారం ఉంటుంది. ప్రతి కాగితం వెనుక పుట అడుగున మూలలో మరుసటి పుట మొదటి పదాన్ని రాసేవారు. అంకెలు వేయని రోజుల్లో కాగితాలు తారుమారు కాకుండా కాపాడింది ఈ పదమే. ఆఖరున తర్కీమాలో లేఖకుడు తన పేరు, ఊరు, సంవత్సరం చెప్పుకుంటాడు. దాన్ని త్రిభుజం ఆకారంలో, వరుస వరుసకూ కుదించుకుంటూ రాయడం చాలా ప్రతుల్లో ఉన్న పద్ధతి.

ఒక్కడి చేతిలో ఈ పని తెమలదు. కాతిబ్ రాస్తాడు. గీతలు గీసేవాడు, బంగారు పూత వేసేవాడు, చిత్రకారుడు, అట్ట కట్టేవాడు వేరువేరు. ఎక్కడ బొమ్మ రావాలో ముందే నిర్ణయించి, లేఖకుడు అంత జాగా వదిలి ముందుకు సాగేవాడు. బొమ్మ వచ్చే పుటకు కథ సరిగ్గా ఆ ఘట్టానికి చేరేలా పదాలను విస్తరించడమో, వరుసలను ఏటవాలుగా అమర్చడమో చేసేవాడు. పుటను తీర్చిదిద్దే బాధ్యతలో అతడికి ఉన్న పెత్తనం అది.

మొఘల్ గ్రంథశాల

అక్బరు 1605లో మరణించేనాటికి అతడి గ్రంథాలయంలో సుమారు 24,000 సంపుటాలు ఉన్నాయని ఆనాటి ఐరోపా వారు రాశారు. అక్బరు స్వయంగా చదివేవాడు కాదు. రోజూ ఎదుట చదివించుకుని వినేవాడని అబుల్ ఫజల్ చెప్పాడు. 1562 ప్రాంతంలో మొదలై దాదాపు పదిహేనేళ్లు సాగిన ‘హంజానామా’ అలా వినడానికి తగిన పుస్తకం. అందులో 1,400 బొమ్మలు ఉండేవి, నేడు మిగిలినవి 200 లోపే. పత్తి బట్ట మీద బొమ్మ వేసి, వెనుకవైపు కాగితం మీద కథ రాసిన ఈ పెద్ద పుటలను మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్ సమద్ ఒకరి తరువాత ఒకరు పర్యవేక్షించారు.

అక్బరు లేఖకుల్లో అగ్రగణ్యుడు ముహమ్మద్ హుసేన్ కాశ్మీరీ. ఆయన బిరుదు ‘జరీన్ కలం’, అంటే బంగారు కలం. అబ్దుర్ రహీం బిరుదు ‘అంబరీన్ కలం’. 1595 నాటి నిజామీ ‘ఖంసా’ను రాసింది ఈయనే. ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని చివరి పుటలో జహంగీరు ఆజ్ఞ మేరకు చిత్రకారుడు దౌలత్ ఒక బొమ్మ చేర్చాడు. అందులో రాస్తున్న అబ్దుర్ రహీం, అతడి ఎదుట బొమ్మ గీస్తున్న దౌలత్ కూర్చుని ఉంటారు. పుస్తకం చేసిన ఇద్దరు పనివాళ్లు ఆ పుస్తకంలోనే చోటు సంపాదించుకున్న అపురూప సందర్భం ఇది. చక్రవర్తి ముఖాలతో నిండిన మొఘల్ చిత్రకళలో ఈ పుటకు ఉన్న విలువ మరెన్నో పెద్ద బొమ్మలకు లేదు.

జహంగీరు, షాజహాను కాలంలో అభిరుచి కథల పుస్తకాల నుంచి మురఖ్ఖాల వైపు మళ్లింది. పాత లేఖకుల రాతలు, విడి బొమ్మలు ఏరి, కాగితం పొరలను అంటించిన గట్టి అట్టల మీద అతికి, చుట్టూ కొత్త అంచులు వేసి కూర్చిన సంపుటి మురఖ్ఖా. బుఖారాలో పనిచేసిన మీర్ అలీ హరవీ రాతలంటే జహంగీరుకు ప్రాణం. ఆయన రాసిన నాలుగు పాదాల పద్యాలను ఏటవాలుగా అమర్చిన పుటలు ఈ సంపుటాల్లో కొల్లలు. షాజహాను కాలంలో అంచులను నిజమైన మొక్కలను పోలిన పూలు నింపాయి. దారా షికోకు అబ్దుర్ రషీద్ దైలమీ రాత నేర్పాడు. ఔరంగజేబు తన చేత్తో ఖురాను ప్రతులు రాశాడు. యువరాజులకు కత్తిసాముతోపాటు కలంసాము కూడా తప్పనిసరి చదువు.

గోల్కొండ పుట

గోల్కొండలో తయారైన పుస్తకాల్లో సంవత్సరం తెలిసినవి తక్కువే అయినా అవి ఎంతో విలువైనవి. ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550–1580) కాలంలో 1572లో రాసిన వైద్య విజ్ఞాన సర్వస్వం ‘జఖీరా-ఇ-ఖ్వారజంషాహీ’ ప్రతి డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. వైద్యగ్రంథానికి సైతం రాజకావ్యానికి చేసినంత బంగారు అలంకరణ చేశారు. జంతువుల నీతికథల పుస్తకం ‘అన్వర్-ఇ-సుహైలీ’ 1582 నాటి ప్రతి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పంచతంత్ర కథలే అనేక భాషలు తిరిగి పారశీకం రూపంలో మళ్లీ దక్కనుకు చేరాయి.

హైదరాబాదు నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్‌షా (1580–1612) స్వయంగా కవి. ఆయన దక్కనీ ఉర్దూ కవితల సంపుటి ‘కుల్లియాత్’ సచిత్ర ప్రతి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. గోల్కొండ రుచి తెలియాలంటే ఈ పుటల అంచులు చూడాలి. రంగు కాగితం మీద అచ్చుముక్క పెట్టి బంగారం అద్దితే తీగలు, పూలు పరుచుకుంటాయి. నడుమ పద్యం మాత్రం ప్రశాంతంగా నిలుస్తుంది. మొఘల్ పుటల్లో అంచులు ప్రకృతిని చూసి గీసినట్టుంటాయి. గోల్కొండ అంచులో ముందు కనిపించేది బంగారపు మెరుపు, రంగుల గాఢత.

ముహమ్మద్ కులీ అల్లుడు, వారసుడు ముహమ్మద్ కుతుబ్‌షా (1612–1626) పుస్తకప్రియుడు. తన గ్రంథాలయానికి చేరిన పుస్తకాల మీద స్వహస్తంతో మాటలు రాసిపెట్టేవాడు. వంశచరిత్ర ‘తారీఖ్-ఇ-ముహమ్మద్ కుతుబ్‌షాహీ’ 1617లో ఈయన కొలువులోనే పూర్తయింది. పొరుగున బీజాపూరులో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా 1618లో లేఖకుడు ఖలీలుల్లాకు ‘కలం చక్రవర్తి’ బిరుదు ఇచ్చాడు. నీటి మీద రంగులు తేల్చి కాగితానికి ఎత్తుకునే అబ్రీ విద్యను బొమ్మల దేహాలు నింపడానికి వాడుకోవడం కూడా 17వ శతాబ్ది దక్కను ప్రత్యేకతే.

ఈ లిపికళ పుటకే పరిమితం కాలేదు. బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద 1611 నాటి రంగు పెంకుల్లో దైవనామాలను పీర్ల (అలం) ఆకారంలో కూర్చారు. 1908 మూసీ వరదలో గోడల కింది భాగం దెబ్బతిన్నా పై భాగం నేటికీ వెలుగుతోంది. గోల్కొండ సమాధుల నల్లరాతి మీద సులుస్, నస్ఖ్, నస్తాలీఖ్ రీతులన్నీ ఒకేచోట చూడవచ్చు. మచిలీపట్నం తీరాన తయారైన 1640–50 నాటి కలంకారీ బట్టల మీద సభలు, ఉద్యానాలు, పానపాత్రలు పట్టిన యువకులు రాతప్రతుల బొమ్మల పోలికతోనే కనిపిస్తారు.

తెలుగు అక్షరంతో పొత్తు

కృష్ణదేవరాయలు 1515లో కొండవీటి దండయాత్రలో భాగంగా వినుకొండ దుర్గాన్ని తీసుకున్నాడు. 1579–80 ప్రాంతంలో ఆ సీమ గోల్కొండ చేతికి వచ్చింది. కొండవీటి సీమ అప్పటి నుంచి ముర్తజానగర్ సర్కారు అయింది. 1687లో మొఘలులకు, ఆ తరువాత నిజాముకు, 1788లో ఇంగ్లీషు కంపెనీకి అది దక్కింది. అంటే వినుకొండ సీమలో దాదాపు రెండు వందల ఏళ్లు పైస్థాయి పాలన పారశీకంలోనూ ఊరి లెక్క తెలుగులోనూ నడిచాయి.

గోల్కొండ కొలువు తెలుగును దూరం పెట్టలేదు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఇబ్రహీంకు అంకితమిచ్చాడు. తెలుగు కవుల నోట ఆయన మల్కిభరాముడు. కందుకూరి రుద్రకవికి ఇబ్రహీం చింతలపాలెం గ్రామాన్ని ఇచ్చాడు. పొన్నెగంటి తెలగన ‘యయాతి చరిత్ర’ను గోల్కొండ అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితం చేశాడు. ఈ కవుల ఇంటిపేర్లలోని అద్దంకి, కందుకూరు రెండూ వినుకొండకు దక్షిణాన ఉన్న పాత నెల్లూరు, గుంటూరు సీమల ఊళ్లే.

ఆ కావ్యాలు తాళపత్రాల మీదనే రాశారు. ఆకు పొడుగ్గా, వెడల్పు తక్కువగా ఉంటుంది. గంటంతో గీసి, మసి పూసి తుడిస్తే గాట్లలో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. పద్యాన్ని పాదాలుగా విడదీయరు. పదాల మధ్య ఖాళీ లేదు. తాడు దూర్చే రంధ్రం చుట్టూ మాత్రం కొంచెం జాగా వదులుతారు. పాఠకుడు పద్యాన్ని కంటితో కాక చెవితో విడగొట్టుకోవాలి. పారశీక పుటలో పాదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికే తెలుస్తుంది. ఒకే రాజ్యంలో, ఒకే రాజు ఆదరణలో ఈ రెండు పుటలు పక్కపక్కనే బతికాయి.

రెండూ ఒక్కటైన చోటు కుతుబ్‌షాహీల ద్విభాషా ఫర్మానాలు. వీటిలో పైన పారశీక పాఠం, కింద తెలుగు పాఠం ఉంటాయి. పారశీక కచేరీ పద్ధతిలో కుడివైపు వెడల్పుగా అంచు విడిచి, వరుసలను ఎడమ చివర కాస్త పైకి ఎత్తుతారు. అలా పైకి లేచిన చివరల్లో తరువాత ఎవరూ మాట చేర్చే వీలుండదు. తెలుగు వరుసలు దానికి ఎదురుగా, ఎడమ నుంచి కుడికి సాగుతాయి. సుల్తాను మొహరు ఈ రెండింటికీ ఒకే అధికారం ఇస్తుంది. దేశాయి, దేశ్‌పాండ్యా, కరణం మొదలైన స్థానికాధికారులు ఆజ్ఞను తమ భాషలో చదువుకునేందుకు చేసిన ఏర్పాటు ఇది. కొలువులోని బంగారు పుటల కన్నా ఈ సాదా కాగితాలే ఊళ్లతో ఎక్కువ మాట్లాడాయి. తెలుగువారి గ్రంథకళా చరిత్రలో వీటికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

సంగ్రహాలు

ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687 సెప్టెంబరులో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. దక్కను కొలువుల పుస్తకాలు చేతులు మారాయి. పాత ప్రతుల మొదటి, చివరి పుటల మీద ఉన్న మొహర్లు, తనిఖీ సంతకాలు ఆ ప్రయాణానికి సాక్ష్యం. ఒక పుస్తకం ఎవరి ఇంట పుట్టి ఎవరి ఇంట చేరిందో ఈ గుర్తులే చెబుతాయి.

నేడు తెలుగు పాఠకులు దగ్గరలో చూడగలిగే పెద్ద సంగ్రహం సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కూర్చిన ఈ సంగ్రహాన్ని 1951లో ప్రజలకు తెరిచారు. బాగ్దాదు లేఖకుడు యాఖూత్ అల్ ముస్తాసిమీ రాసిన 13వ శతాబ్ది ఖురాను అక్కడ ఉంది. దాని మీద జహంగీరు, షాజహాను, ఔరంగజేబుల సంతకాలు ఉన్నాయి. 1976లో ఏర్పడిన జగదీశ్ మిత్తల్ మ్యూజియంలో దక్కను చిత్రాలు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో అరబ్బీ, పారశీక, ఉర్దూ, తెలుగు ప్రతులు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘల్ పాలన పత్రాలు ఉన్నాయి. గుంటూరు, ప్రకాశం సీమలవారికి 1918లో వేటపాలెంలో స్థాపించిన సారస్వత నికేతనం దగ్గరి గ్రంథాలయం.

పరిరక్షణ

మసిసిరా నీటికి కరుగుతుంది. అందువల్ల తడిబట్టతో తుడవడం, ఎండలో ఆరబెట్టడం పుటకు హాని. లామినేషన్ చేయించిన కాగితాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. జిగురు టేపు కొన్నేళ్లకే పసుపు మరకగా మారి అక్షరాన్ని తినేస్తుంది. పొడిగా, చీకటిగా, గాలి ఆడే చోట, ఆమ్లం లేని కాగితంలో చుట్టి పరుండబెట్టడం సరైన పద్ధతి. కేంద్ర ప్రభుత్వం 2003లో ప్రారంభించిన జాతీయ రాతప్రతుల మిషన్ 75 ఏళ్లు దాటిన చేతిరాత గ్రంథాలను నమోదు చేయించే పని చేపట్టింది.

వినుకొండ, నరసరావుపేట, అద్దంకి ప్రాంతాల పాత కరణాల ఇళ్లలో, దర్గాలలో, మసీదులలో, మాన్యం పొందిన కుటుంబాల పెట్టెల్లో ఇనాము పత్రాలు, సనదులు, గొలుసుకట్టు చిట్టాలు ఉండవచ్చు. చదవడం రాకపోయినా వాటిని పారవేయవద్దు, పాత కాగితాల వ్యాపారికి అమ్మవద్దు. ఫోటో తీయించి, దగ్గరలోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకో చూపించండి. కాగితం మీ ఇంట్లోనే ఉండవచ్చు. దాని మీది పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు మాత్రం మన అందరి చరిత్రకు చేరాలి.